లంక సినిమాలో లేని మాట

ఆహ్వాన పత్రికలో నా పేరు లేదు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు, స్వాగతం పలికేవారు, వందన సమర్పణ చేసేవారు, అందరి పేర్లూ ఉన్నాయి. చివర 'తదితరులు పాల్గొంటారు' అని ఉంది. ఆ తదితరుల్లో నేనొకణ్ణి. ఆ సభలో వేసే సినిమా తీసినవాళ్ళకి, ఏటి నడుమ లంకకి దారి చూపించింది నేను. అక్కడి మనుషుల్ని ఒప్పించి కెమెరా ముందు కూర్చోబెట్టింది నేను. వాళ్ళ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి, తెర అడుగున అక్షరాలుగా పడడానికి సిద్ధం చేసింది నేను.

మా ఫిల్మ్ క్లబ్బు అధ్యక్షులవారిని ఫోన్లో అడిగాను. ఆయన నవ్వారు.

"మీరు ఇంటివారండీ. ఇంటివారి పేరు అతిథుల వరసలో వేస్తామా?"

"శుభలేఖలో ఇంటివారి పేరే ముందుంటుందండీ," అన్నాను.

"అబ్బ, మీతో మాట్లాడలేమండీ," అని పెట్టేశారు.

మర్చిపొమ్మని చాలామంది చెప్పారు. నేను మర్చిపోలేదు, మర్చిపోను. కానీ ఇక్కడ రాస్తున్నది నా పేరు గురించి కాదు. ఇంకొక మనిషి మాట గురించి. ఆ మాట తెర మీద వినిపిస్తుందని ఒక ఆవిడకి నేను మాటిచ్చాను.

మా క్లబ్బు మొదట విజయవాడ వన్ టౌన్‌లో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టు మేడ మీద నడిచేది. కింద తోపుడు బళ్ళకి రీములు ఎక్కిస్తూ హమాలీలు కేకలు వేస్తుంటే, పైన కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టి, నెలకొక ఆదివారం మేం సినిమా వేసేవాళ్ళం. కథా చిత్రాలు కావు, డాక్యుమెంటరీలు. ఆనకట్ట కింద మునిగిపోయిన ఊళ్ళవాళ్ళు, గనుల కోసం కొండ దిగమంటే దిగని గిరిజనులు, తప్పిపోయిన కొడుకుల ఫోటోలు పట్టుకుని వీధిలో నిలబడ్డ తల్లులు, కాల్పులు ఆగాక తిరిగొచ్చి కూలిన గోడల మధ్య పొయ్యి వెలిగించుకున్న వాళ్ళు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో. మావాళ్ళు వాళ్ళందరి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. లైట్లు వేశాక ముక్కు చీదుకుని, అల్లం టీ తాగుతూ, "ఏం తీశాడండీ మనిషి!" అనుకునేవారు.

మన దగ్గరివాళ్ళ మీద తీసినవి కూడా వేద్దామని నేనంటే మాత్రం ముఖాలు మారిపోయేవి. ఒకసారి డెల్టా కౌలు రైతుల మీద ఒక చిన్న చిత్రం సంపాదించి తెచ్చాను. సగంలోనే ఒక డాక్టరుగారు లేచి వెళ్ళిపోయారు. "మనవాళ్ళని మనమే రచ్చకెక్కించడం దేనికండీ" అని మెట్ల మీద ఎవరితోనో అన్నారట. నేనూ ఆ మనవాళ్ళలో ఒకణ్ణే. చల్లపల్లి పక్కన మా పొలం కూడా కౌలుకిచ్చిందే. నేను చివరిదాకా కూర్చోగలిగినప్పుడు ఆయనెందుకు కూర్చోలేకపోయారు? ఆ తర్వాత నాకు జ్వరమొచ్చినా ఆయన దగ్గరికి వెళ్ళలేదు.

నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పటమటలో ఉంటాను. అక్కడి రైతుబజారులో ఒక లంక నుంచి వచ్చే భార్యాభర్తల దగ్గర ఏళ్ళ తరబడి కూరలు కొన్నాను. కంద, అరటికాయలు, చలికాలంలో పచ్చి పసుపు కొమ్ములు. బేరాలన్నీ ఆవిడే ఆడేది. ఆయన వెనక గోనెపట్టా మీద కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. కంద మీద మట్టి దులపకుండా అమ్ముతున్నారేమని నేను పేచీ పెడితే, ఒక్కసారి మాత్రం అన్నాడు: "ఆ మట్టి ఇంకెంతో కాలం దొరకదు మేష్టారూ. ఉంచుకోండి."

అలా తెలిసింది నాకు. వాళ్ళ లంక చల్లపల్లి దాటి, కరకట్ట మీద కొంత దూరం పోయాక, ఏటి మధ్యలో ఉంది. కరకట్ట వైపు పాయలో ఎప్పుడూ నీళ్ళుంటాయి, పడవ మీదే రాకపోకలు. అవతలి పాయ ఎండాకాలం ఎండిపోతుంది. ఇసుక తవ్వేవాళ్ళు ఆ ఎండిన పాయలో గ్రావెల్ పోసి బాట వేశారు. ఆ బాట మీంచి టిప్పర్లు లంక ఎక్కాలంటే ఒక్క చోటే వీలవుతుంది. అది ఈయన చేను. మిగిలిన ఒడ్డంతా నిట్టనిలువు. ఈయన తన గట్టు మీద ముళ్ళకంపతో కంచె కట్టాడు. ఊళ్ళోని ఆడవాళ్ళు ఆ కంచె ముందు బైఠాయించారు. అక్కడే వంట, అక్కడే పిల్లల జోలపాటలు. పోలీసులొచ్చారు, కేసులు పెట్టారు. పోరాట కమిటీ పెట్టుకున్నారు. దానికొక నాయకుడు. మంచి మాటకారి. ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని ఆయన మాట్లాడుతుంటే ఏడుస్తున్న పిల్లలు కూడా ఊరుకునేవాళ్ళు. ఈ మాట ఆయన మీద కోపంతో రాయడం లేదు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక డైరెక్టరు తన సినిమా వేసుకోవడానికి మా క్లబ్బుకి వచ్చింది. చిన్న వయసు, మర్యాదస్తురాలు. టీ తాగేటప్పుడు ఆమెకి లంక సంగతి చెప్పాను. వారం తిరక్కుండా కెమెరా మనిషిని వెంటబెట్టుకుని వచ్చేసింది. పడవలో నేనే పక్కన కూర్చుని తీసుకెళ్ళాను. ఆ తర్వాత ఏడాది పైన ఆమె వస్తూ పోతూ తీసింది. ప్రతిసారీ నేను వెంట ఉన్నాను.

రెండో ఎండాకాలంలో దెబ్బ తగిలింది. ఆ రైతుకి ఒక తెల్లవారుజామున గుండెలో నొప్పి వస్తే, మంచం మీద మోసుకుపోయి పడవెక్కించి, విజయవాడ ఆస్పత్రిలో చేర్చారు. భార్య కూడా వెంట వెళ్ళింది. ఆ రెండు మూడు రోజుల్లోనే కంచె మాయమైంది. గట్టు చదునైపోయింది. టిప్పర్లు వరస కట్టి లంక ఎక్కాయి. ఒకసారి ఎక్కాక మళ్ళీ దించడం ఎవరి వల్లా కాలేదు.

ఆయన తిరిగొచ్చిన మర్నాడు డైరెక్టరు, కెమెరా మనిషి, నేను చేను దగ్గరికి వెళ్ళాం. తెగిన గట్టు అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంతకాలం కెమెరా చూస్తే ముఖం తిప్పుకునే మనిషి, ఆ రోజు తనే పిలిచాడు.

"పెట్టండమ్మా మిషను. ఒక మాట చెప్పాలి."

చెప్పాడు. తొందర లేకుండా, పసుపు ధర చెప్పినట్టు చెప్పాడు.

"నేను కంప గట్టిగా కట్టే పోయాను. నన్ను మంచం మీద పడుకోబెట్టాక మా కమిటీ నాయకుడొచ్చాడు." ఇక్కడ నాయకుడి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాడు. "చెవి దగ్గర వంగి, 'ఒక్క పూట దారొదులు బావా, వాళ్ళతో నే మాట్టాడుకుంటా' అన్నాడు. 'నా చేలోంచి పోవాలంటే నా మీంచి పోవాల' అన్నా. 'సరేలే, నీకు బాగోలేదుగా' అన్నాడు. అంతే. నేను పడవెక్కా. వచ్చేతలికి ఇదీ సంగతి. నేను ఇయ్యలేదు దారి. ఈ మాట ఊళ్ళో అందరూ వినాల."

నేను పక్కనే ఉన్నాను. తర్వాత మా ఇంట్లో కూర్చుని, ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో ఆ ముక్క మళ్ళీ మళ్ళీ తిప్పి వింటూ, నేనే ఇంగ్లీషు చేసి చెప్పాను. 'నా మీంచి పోవాల' అన్నదానికి సరైన ఇంగ్లీషు కోసం మధ్యాహ్నమంతా కొట్టుకున్నాం.

సినిమా పూర్తయ్యేలోపే ఆయన పోయాడు. లంక కూడా సగం పోయింది. తవ్విన చోట ఏరు లోపలికి తిరిగి, వర్షాకాలంలో చేలకి చేలే విరిగి పడ్డాయి. పోరాటం ఓడిపోయాక ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. చనిపోయిన మనిషయితే ఎదురు చెప్పడు. దారిచ్చింది ఆయనేనని, ఇచ్చి ఆస్పత్రిలో పడుకున్నాడని ఊరంతా పాకింది. మొదట ఎవరన్నారో నాకు తెలుసు. పరామర్శకి వచ్చినవాళ్ళ ముందే ఆ నాయకుడు నిట్టూర్చి, "పోయినోళ్ళ గురించి ఇప్పుడెందుకులే" అన్నాడు. అలా అంటే చాలు.

లంకవాళ్ళు పడవ దిగాక అందరూ కలిసి ఒకే వ్యాన్‌లో కూరల బుట్టలు వేసుకుని విజయవాడ వస్తారు. పంచుకుంటే తప్ప ఒక్కరికి గిట్టదు. ఆ వ్యాన్‌లో ఆవిడ బుట్టలు ఎక్కించుకోవడం మానేశారు. ముందు చోటు లేదన్నారు. తర్వాత అది కూడా చెప్పలేదు. ఆవిడ రెండు చిన్న బుట్టలతో బస్సులో వచ్చేది. కండక్టరు ఎక్కించుకున్న రోజు వచ్చేది.

"ఏంటమ్మా, ఇంతే తెచ్చావు?" అంటే ఒకరోజు చెప్పింది.

"మాకు దారిచ్చినోళ్ళని పేరొచ్చింది బాబూ. నీళ్ళ రేవులో కూడా నాకు ఎడంగా ఉంటన్నారు. నా తోడికోడలు పోతే, దినాలకి కూడా నన్ను పిలవలా."

"ఆయన చెప్పాడు కదమ్మా. సినిమాలో ఉంది."

"ఉందా? నువ్వు చూశావా?"

"నేనే కదమ్మా ఇంగ్లీషు చేసింది. ఉంది."

"అయితే సరే. ఒక్కసారి అందరూ ఆయన నోట వింటే చాలు. ఇంకేం అక్కర్లేదు నాకు."

ఆ మాట మీద నేను ఆశ పెట్టుకున్నాను, ఆవిడా పెట్టుకుంది.

మొదటి ప్రదర్శన లంకలోనే, బడి గోడ మీద వేయాలని నేను పట్టుబట్టాను. క్లబ్బు మీటింగులో అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"లంకకి ప్రెస్సువాళ్ళు ఎవరొస్తారండీ? పడవెక్కి?"

"సినిమా ప్రెస్సువాళ్ళ కోసమా, లంకవాళ్ళ కోసమా?"

"లంకవాళ్ళని ఇక్కడికి పిలుద్దాం. గౌరవంగా సన్మానం చేద్దాం. వాళ్ళకి కూడా బాగుంటుంది."

మిగిలినవాళ్ళందరూ తలూపారు. నేను తలూపలేదని మినిట్స్‌లో రాయమన్నాను. రాయలేదు.

పటమటలో ఒక ఏసీ హాలు తీసుకున్నారు. దాని అద్దె, టిఫిన్లు ఒక బిల్డరుగారు భరించారు. అందుకని ఆయనే ముఖ్య అతిథి. ఆయన కట్టే అపార్ట్‌మెంట్లకి ఇసుక ఎక్కడి నుంచి వస్తుందని నేను అధ్యక్షులవారిని అడిగితే, "మీకు అన్నిటా మెలికేనండీ" అన్నారు.

సభ మధ్యాహ్నం మూడింటికి అని వేశారు. లంకవాళ్ళు మూడు కాకముందే వ్యాన్ దిగారు. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకున్నారు. వాళ్ళ నాయకుడు ముందుండి కూర్చోబెట్టాడు. ఆవిడ విడిగా బస్సులో వచ్చింది. ఆ వరసలో ఎవరూ జరిగి చోటివ్వకపోతే, నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

నేను అధ్యక్షులవారికి ముందే చెప్పాను. చీకటి పడితే పడవ వేయరు. అంటే వాళ్ళు ఐదింటికల్లా ఇక్కడ కదలాలి. సినిమా గంటన్నర. కాబట్టి ముందు సినిమా, తర్వాతే సభ.

"సినిమా అయ్యాక సభలో ఎవరుంటారండీ?" అన్నారాయన. ఆయన అన్నది నిజమే. అందుకే మన ఊళ్ళలో సభ ముందుంటుంది.

ముఖ్య అతిథి వచ్చేసరికి నాలుగు దగ్గరపడింది. వేదికనలంకరించవలసిందిగా ఒక్కొక్కరినీ పిలిచారు. ఒక్కొక్కరికీ పూలగుత్తి. జ్యోతి ప్రజ్వలనలో ఏసీ గాలికి వత్తి ఆరిపోతే ఏసీ ఆపి మళ్ళీ వెలిగించారు. ఒక అమ్మాయి ప్రార్థనా గీతం పాడింది. స్వాగతం పలికినాయన సమయాభావం వల్ల రెండే రెండు ముక్కలు చెబుతానని, పోరాటాల చరిత్ర మొదటినుంచీ చెప్పారు. ఆత్మీయ అతిథి కూడా రెండు ముక్కలే అన్నారు. విశిష్ట అతిథి తన పెళ్ళికి పడవ మీద వెళ్ళిన ముచ్చట చెప్పి నవ్వించారు. తెర వాళ్ళ కుర్చీల వెనకే ఉంది. వాళ్ళు దిగితే తప్ప సినిమా పడదు.

తర్వాత సన్మానం. లంక తరఫున ఇద్దరిని పిలిచారు. ఒకరు కమిటీ నాయకుడు. రెండోవారు, "అమరుడైన రైతు సతీమణి." ఆవిడ నావైపు చూసింది.

"నేనెందుకు బాబూ? ఇక్కడే ఉంటా."

"వెళ్ళమ్మా. నీ గౌరవమే," అన్నాను. ఊరివాళ్ళ ఎదురుగా ఆవిడకి గౌరవం జరగడం మంచిదే అనుకున్నాను.

ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. బిల్డరుగారు శాలువాలు కప్పారు. ఫోటో కోసం ఇద్దరినీ దగ్గరగా జరగమన్నారు. నాయకుడు జరిగాడు. శాలువా కప్పాక దించుతారేమో అనుకుంటే, సన్మానితులు వేదిక మీదే ఉండాలట, అది పద్ధతట. ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది.

ఐదు దాటింది. లంకవాళ్ళ వరసలో కదలిక మొదలైంది. ఒకతను లేచి నిలబడి, వేదిక మీదున్న నాయకుడికి కేకేశాడు.

"ఓ మావా! పడవెళ్ళిపోద్ది!"

హాలంతా నవ్వింది. బిల్డరుగారు కూడా నవ్వి, "కంగారు పడకండి, ఐపోయింది" అని ఇంకా మాట్లాడారు. అప్పుడు నేను లేచాను. మైకు లేకుండానే అడిగాను.

"వీళ్ళ సినిమా వీళ్ళకి చూపించడానికి పిలిచారా, మీ ఉపన్యాసాలు వినిపించడానికి పిలిచారా?"

అధ్యక్షులవారు మైకు తీసుకున్నారు. నా ఆవేశాన్ని అర్థం చేసుకుంటున్నానన్నారు. క్లబ్బు పుట్టుక గురించి, క్రమశిక్షణ గురించి, పెద్దల్ని గౌరవించడం గురించి చెప్పారు. ముఖ్య అతిథికి క్షమాపణ చెప్పారు. ఆయన పరవాలేదని చెప్పడానికి మళ్ళీ మైకు తీసుకున్నారు. ఇది కూడా కాసేపు జరిగింది. నేను అడక్కపోతే ఆ కాస్త కలిసొచ్చేదని తర్వాత కొందరన్నారు. మళ్ళీ అలాంటి సభ జరిగితే మళ్ళీ అడుగుతాను.

నాయకుడు వేదిక మీద లేచి దణ్ణం పెట్టాడు.

"అయ్యా, మావాళ్ళు ఏటికి అడ్డంపడి బతికేవాళ్ళు. పడవ పోతే రాత్రంతా రేవులో పడుంటారు. వాళ్ళనొదిలి నేనిక్కడ కూర్చుని సినిమా చూళ్ళేను. సెలవిప్పించండి."

ఆ సాయంత్రం అంత గట్టిగా చప్పట్లు ఇంకెవరికీ పడలేదు. శాలువాతోనే దిగి, తనవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర టిఫిన్ పొట్లాలు పంచారు. లంకవాళ్ళు ఒక్కొక్క పొట్లం తీసుకుని వ్యానెక్కారు. ఆ మాట ఎవరు వినాలో వాళ్ళందరూ వెళ్ళిపోయారు.

ఆవిడ మాత్రం వేదిక దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. "నేనుంటా బాబూ. నేనన్నా వింటా."

కుర్చీలు తీసి, లైట్లు ఆపారు. సినిమా బాగానే ఉంది. అది కూడా చెప్పాలి. ఏటి మీద పొగమంచు, కంచె ముందు ఆడవాళ్ళు, పోలీసుల ముందు చేతులు కలిపి నిలబడ్డ ముసలివాళ్ళు. ఆయన కూడా కనిపించాడు. ముళ్ళకంప మోసుకొస్తూ, చేతికి ముల్లు గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని చీకుతూ. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

తెగిన గట్టు వచ్చింది. అదే చోటు. అదే పొద్దు. ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పెదాలు కదలబోతున్నాయి. అక్కడ వేణువు మొదలైంది. దాని మీద నాయకుడి గొంతు. 'వాళ్ళు మా కంచె తెంచారు, మా గుండె తెంచలేకపోయారు' అని. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. బొమ్మ మారిపోయింది.

"ఆయనది ఎప్పుడొస్తది బాబూ?"

"వస్తుందమ్మా," అన్నాను. తర్వాతెక్కడైనా పెట్టి ఉంటారనుకున్నాను.

చివర పేర్లు పడ్డాయి. చాలా పేర్లు. మా క్లబ్బు పేరు, బిల్డరుగారి పేరు కూడా. లైట్లు వేశారు.

"అయిపోయిందా?" అంది ఆవిడ.

ఆ రాత్రి మా ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ వడ్డిస్తే తింది. పొద్దున్నే తొలి బస్సుకి వెళ్ళిపోయింది.

డైరెక్టరుకి ఆ ఉదయమే ఫోన్ చేశాను. సభకి రాలేదు ఆమె, ఏదో విదేశంలో ఉంది.

"ఆ ముక్క ఏమైందమ్మా?"

"సార్, అది తీసేయడం నాకూ కష్టంగానే అనిపించింది. కానీ ఇది ఒక సముదాయం ఎలా నిలబడిందో చెప్పే సినిమా. ఆ మాట ఉంటే చూసేవాళ్ళు 'వీళ్ళలో వీళ్ళకే పడదు' అంటారు. ఇసుక కంపెనీకి కావలసింది కూడా అదే కదా."

"ఆయన చెప్పమన్నది కంపెనీకి కాదు. ఊరికి."

"మా లాయరు కూడా ఒప్పుకోలేదు సార్. పేరు పెట్టి అన్నాడు కదా. ఆ నాయకుడే సినిమాకి వెన్నెముక. ఆయన్ని తీసేస్తే ఏం మిగులుతుంది?"

"సరే, సినిమాలో వద్దు. ఆ ముక్క ఒక్కటీ నాకు పంపు. నేను ఊళ్ళో చూపించుకుంటాను."

"లేదు సార్. మేం కెమెరా కార్డులు మళ్ళీ మళ్ళీ వాడతాం. ఎడిటింగ్ అయిపోయాక వాడని ఫుటేజంతా తీసేసి, ఆ డిస్కులు వేరే ప్రాజెక్టుకి వాడుకున్నాం. చిన్న యూనిట్ సార్ మాది. సారీ సార్."

వెతకమన్నాను. మర్నాడు మళ్ళీ చేసి వెతికావా అన్నాను. చాలాకాలం అలా చేస్తూనే ఉన్నాను. మొదట్లో సమాధానం చెప్పేది, తర్వాత మెసేజి పెట్టేది. ఇప్పుడు ఎత్తదు. ఆమె చెడ్డది కాదని మా ఆవిడ అంటుంది. చెడ్డదని నేనూ అనడం లేదు. అణచివేతకి ఎదురు నిలబడ్డవాళ్ళ గురించి సినిమాలు తీసే మనిషి, నిలబడ్డవాడు చెప్పుకున్న ఒకే ఒక్క మాట చెరిపేసింది. చెడ్డవాళ్ళు చేసి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు.

సినిమా ఎక్కడెక్కడో ఆడింది. బహుమతులు వచ్చాయి. మా క్లబ్బు గోడ మీద బహుమతి అందుకున్న ఫోటో ఫ్రేము కట్టించి పెట్టారు. కొన్నాళ్ళకి సినిమాని ఇంటర్నెట్‌లో అందరూ చూసుకునేలా పెట్టేశారు. అప్పుడు లంకవాళ్ళు ఫోన్లలో చూశారు.

సంగతి తెలిసి నేను వెళ్ళాను. పడవ రేవులో వ్యాన్ కోసం నలుగురైదుగురు బుట్టలతో నిలబడి ఉన్నారు. అన్నీ చెప్పాను. ఆయన ఏమన్నాడో, ఎవరి పేరు చెప్పాడో, దాన్నెలా తీసేశారో. అడ్డం పడకుండా విన్నారు. సభలో కేకేసినతను బీడీ పారేసి అన్నాడు.

"చెప్పుంటే సినిమాలో ఉండేదిగా మేష్టారూ. ఆయన ముల్లు గుచ్చుకున్న కాడ చీకింది కూడా చూపించారు. ఇంత మాట చెప్తే చూపించరా?"

"నేను పక్కనే ఉన్నానయ్యా. నా చెవులతో విన్నాను."

"మీరున్నారని మీరంటన్నారు. చివర్లో అందరి పేర్లూ ఏశారు. టీలిచ్చినోడి పేరు కూడా ఏశారు. మీ పేరేదండీ?"

ఇంకొకావిడ నెమ్మదిగా అంది: "ఆమె మీద జాలితో అంటన్నారులే మేష్టారు. పోనీ."

అంతకుముందు ఊళ్ళో కనీసం ఒకరిద్దరికి అనుమానం ఉండేది. ఆయన దారి ఇచ్చి ఉండడేమోనని. సినిమా చూశాక అది కూడా పోయింది. తెగిన గట్టు మీద ఆయన తలొంచుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చుని ఉన్న బొమ్మ వాళ్ళందరి ఫోన్లలో ఉంది. తప్పు చేసిన మనిషి అలాగే కూర్చుంటాడు కదా.

నాయకుడి దగ్గరికి కూడా వెళ్ళాను. వాకిట్లో కుర్చీ వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. "మీరు పెద్దవారు. మీకేదో పొరపాటుగా వినబడి ఉంటది" అన్నాడు. మజ్జిగ తాగకుండా వచ్చాను. అంతకన్నా చేయగలిగింది నాకేమీ కనిపించలేదు.

ఇప్పుడు ఆవిడ రైతుబజారుకి రాదు. పడవ దిగి, ఒక్క బుట్ట నెత్తిన పెట్టుకుని, కరకట్ట మీద రోడ్డు పక్కన కూర్చుంటుంది. చల్లపల్లి పొలం పనికి వెళ్ళినప్పుడల్లా ఆగుతాను. చేను కిందటి వరదకి పూర్తిగా పోయింది. మిగిలిన దొడ్లో పండించిందే అమ్ముతుంది.

ఇదంతా రాస్తానని ఒక పత్రికవాళ్ళకి చెబితే సంతోషంగా రాయమన్నారు. రాసి పంపాక ఫోన్ చేశారు. పేర్లన్నీ తీసేస్తేనే వేస్తామన్నారు. నాయకుడిది, డైరెక్టరుది, ఊరిది, చివరికి చనిపోయినాయనది కూడా. "ఎందుకొచ్చిన గొడవండీ, విషయం ముఖ్యం కానీ పేర్లదేముంది" అన్నారు. చాలా వాదించాను. వేరే ఇద్దరికి పంపాను. వాళ్ళూ అదే అన్నారు. చివరికి ఇలా ఇస్తున్నాను.

మొన్న ఆగినప్పుడు ఆవిడకి చెప్పాను.

"ఆయన చెప్పిందంతా రాశానమ్మా. పత్రికలో వస్తుంది."

బుట్ట మీద గుడ్డ సర్దుతున్నదల్లా తలెత్తింది. సభ తర్వాత ఆవిడ నా ముఖంలోకి అలా చూడడం అదే మొదలు.

"దారి అడిగినోడి పేరు రాశావా బాబూ?"

"రాయనివ్వలేదమ్మా."

"ఆయన పేరు?"

"అది కూడా లేదు. లంక పేరు కూడా లేదు."

"మరి మావోళ్ళు చదివితే, ఎవురి గురించనుకుంటారు?"

ఎవరో మోటార్‌సైకిల్ ఆపి కంద ఎంతని అడిగారు. ఆవిడ అటు తిరిగి తక్కెడ తీసుకుంది.